వాడిన నీరు - ప్రజాధనము
(ఒక పఠనమందిర సభయందు గావించిన యుపన్యాసము)



పొలమున ఒకమారు పారిన నీటికి పని తీరిపోయినదని మనలో పలువురు తలంతురు. గట్టు దాటి మురుగుకాలువ బడిన నీరు ఎవరి సొత్తును గాదనియు, అది సముద్రము పాలు గావలసినదే యనియు అనుకొందురు. ఈ తలంపు సరికాదని చెప్పుటకే నేడు మీ ముందు నిలిచితిమి.

న్యాయవాద వృత్తిలో నున్నవారము గాన మొదట చట్టపు మాటయే చెప్పెదము. కృష్ణాజలముల తగవు తీర్చుటకు 1969లో ఏర్పడిన బచావత్ న్యాయాధికరణము 1973లో తన నిర్ణయమును వెలువరించినది. 1976లో అది తుదిరూపు దాల్చినది. నూరేండ్లలో డెబ్బదియైదేండ్లు నమ్మదగిన నీరు 2,060 టి.ఎం.సి.లని లెక్కించి, మహారాష్ట్రమునకు 560, కర్ణాటకమునకు 700, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు 800 పంచిపెట్టినది. ఒక టి.ఎం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. అంతటితో న్యాయాధికరణము ఆగలేదు. పొలములలో ఇంకి, ఊటగా దిగి, తిరిగి నదిని చేరు నీటిని గూడ గణించి మరి 70 టి.ఎం.సి.లు చేర్చినది. అందు మనకు వచ్చినవి 11. మనవారు నిత్యము పలుకు 811 అను సంఖ్యలో ఆ పదునొకండును ఒకసారి పనిచేసి వచ్చిన నీరే! వాడిన నీటికి విలువ కలదని, దానికి హక్కుదారు కలడని న్యాయపీఠమే అంగీకరించిన పిదప, మురుగుకాలువను జూచి ముక్కు మూసికొని తొలగిపోవుట మనకు తగునా?

ఇక మన నేల సంగతి. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ గుంటూరు, ప్రకాశము సీమల మెట్టలను తడిపినది. ప్రత్తి, మిరప పండి రైతు నాలుగు రూకలు కండ్ల జూచెను. కాని కాలువనీటిలో గూడ కొంత ఉప్పు కరగి యుండును. నీరు ఎండకు ఆవిరి యగును. ఉప్పు మాత్రము నేలలో నిలుచును. నల్లరేగడి త్వరగా నీటిని ఇంకించుకొనదు. పల్లపుచోట్ల ఊట పైకెక్కును. కొన్నేండ్లకు చేను చౌడుబారును. నీరు తెచ్చుటయందు చూపిన శ్రద్ధ, వాడిన నీరు పోవు దారియందు చూపకున్నచో జరుగునది ఇదియే.

ఈ వ్యాధికి మందు వెదకినవారు లేకపోలేదు. చౌడునేలలను బాగుచేయుటకును, ఉప్పునీటిని సేద్యమునకు వాడుటకును వలయు పరిశోధన బాపట్లయందు ప్రజాధనముతో జరుగుచున్నది. కర్నాలులో 1969లో స్థాపితమైన కేంద్ర పరిశోధనాలయము ఈ పనికి పెద్దదిక్కు. గత శతాబ్దపు చివరి దశాబ్దమున హాలెండు దేశపు సహాయముతో కొణంకి, ఉప్పుగుండూరు పొలములలో శాస్త్రజ్ఞులు నేల క్రింద చిల్లుల గొట్టములు పరచిరి. ఎక్కివచ్చిన ఊటతోపాటు ఉప్పును గూడ ఆ గొట్టములగుండ వెలికి పంపుటయే ఆ యేర్పాటు.

సముద్రతీరపు ఇసుకనేలలలో వీరు చేసిన పని మరింత ముచ్చటైనది. వాననీరు ఉప్పునీటికంటె తేలిక గాన, అచట దానిమీద పొరవలె తేలి యుండును. మన పెద్దలు లోతులేని దొరువులు త్రవ్వి, కుండలతో ముంచి మొక్కలకు పోసిరి. లోతైన గొట్టపుబావి వేసి యంత్రముతో గట్టిగా లాగినచో అడుగునున్న ఉప్పునీరు పైకి పొంగును. బాపట్ల శాస్త్రజ్ఞులు కొద్దిలోతున అడ్డముగా చిల్లుల గొట్టములు పరచి, నడుమనున్న బావిలోనికి నీరు చేరునట్లు చేసి, పైపొరను మాత్రమే మెల్లగా తీయు తెరవు చూపిరి. తాతల దొరువునకే ఇది సంస్కారము.

అయినను వాడిన నీరెల్ల అమృతమని మేము చెప్పుట లేదు. కాలువ చివరనున్న రైతు వేచి వేచి, మంచినీరు రాక, మురుగుకాలువకు ఇంజను పెట్టి తోడుకొనును. అతనిని తప్పుపట్టువారము గాము. కాని ఆ నీటిలో ఎంత ఉప్పున్నదో అతనికి చెప్పువారెవరు? పైరు నిలిచిన నేలలోని ఉప్పును మీటరునకు ఇన్ని డెసీసీమెన్లని కొలుతురు. ప్రత్తి 7.7 వరకు దిగుబడి చెడక ఓర్చును. మిరపకు 1.5 దాటగనే దిగుబడి తగ్గనారంభించును. ఒకే కాలువ నీరు ఒక చేనికి అన్నము, ప్రక్కచేనికి విషము! కావుననే లేతమొక్కకు మంచినీరు పెట్టి, ముదిరిన పైరుకు ఉప్పునీరు పెట్టవలెననియో, రెంటిని తగుపాళ్లలో కలిపి పారించవలెననియో శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ మాట తెలిసినవాడు పైరు దక్కించుకొనును. తెలియనివాడు అప్పుచేసి నాటిన నారును పోగొట్టుకొనును.

పట్టణవాసులకును ఇందు బాధ్యత కలదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ప్రకటించిన లెక్కనుబట్టి, దేశపు పట్టణములనుండి దినమునకు సుమారు 7,237 కోట్ల లీటర్ల మురుగునీరు వెడలుచుండగా, శుద్ధియైనది సుమారు 2,024 కోట్ల లీటర్లు మాత్రమే. ఇజ్రాయెలు దేశము తన మురుగులో నూటికి ఎనుబదిపాళ్లకు పైగా శుద్ధిచేసి పొలములకిచ్చుచున్నది. మనము ఇంట వాడి వీథిలోనికి విడిచిన నీరు చివరకు ఏ పొలము చేరునో ఆలోచింపకుండుట ధర్మము గాదు.

కావున మేము కోరునది స్వల్పమే. ప్రతి మురుగుకాలువ నీటిని పైరుకాలమున పరీక్షించి, ఆ యంకెను, అది ఏ పైరుకు తగునో, ఏ పైరుకు తగదో గ్రామ సచివాలయపు గోడమీద తెలుగున వ్రాయింపవలయును. చౌడునేలల గొట్టముల పనిని ప్రభుత్వమే వహింపవలయును. ఒక రైతు పొలములోని ఊట పదిమంది పొలములు దాటిగాని కాలువ చేరదు, అది ఒంటరివాడు చేయగల పని గాదు. పరిశోధన ఫలితములు శాస్త్రజ్ఞుల సంచికలలోనే నిలిచిపోక జనుల భాషలో అచ్చుపడి ఊరూర చేరవలయును.

ఇది భిక్ష గాదు. తమకు మేలు చేయని పన్నును చీరాల, పేరాల ప్రజలు ఒప్పక 1921లో ఇండ్లు విడిచి వెడలిరి. పన్నిచ్చువాడు దాని ఫలమును అడుగవచ్చునని వారు మనకు నేర్పిరి. బాపట్ల పరిశోధనకు సొమ్మిచ్చినది ప్రజలు. దాని ఫలము ప్రజలదే.

వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతనము మొదలు నేటివరకు ఈ సీమలో పఠనమందిరములకు కొదువలేదు. దేశవార్తలు చదివి వినిపించు బల్లలమీదనే మన ఊరి మురుగుకాలువ నీటి పరీక్ష ఫలితము గూడ ఉంచుడు. అది లేకున్నచో, ఏల లేదని అధికారులకు ఉత్తరము వ్రాయుడు. వ్రాతకు వలయు సహాయము మావంటి న్యాయవాదులు ఉచితముగ చేయుదురు.