అంచు చెదిరిన పువ్వు

పోచంపల్లి చీరను ఒకసారి దగ్గరగా చూడండి. పువ్వు అంచు గీత గీసినట్టుండదు, కాస్త చెదిరి ఉంటుంది. నేతకు ముందే దారానికి ముడులు కట్టి రంగద్దుతారు. మగ్గం మీద పోగు వెంట్రుకవాసి జరిగినా అంచు కదులుతుంది. నాకైతే ఆ చెదురే అందం.

ఆ చీరకు చేత్తో ఆసు పోయాలంటే, అంటే ముడులు కట్టే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలంటే, చెయ్యి వేలసార్లు ఆడాలి. ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక, ఉమ్మడి నల్లగొండ జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1992లో ఆ పని చేసే యంత్రం తయారుచేయడం మొదలుపెట్టారు. ఒక్కో భాగమే కుదురుతూ, 1999కి అది ఆడింది. అక్కడితో ఆగక, తర్వాత ఎలక్ట్రానిక్స్ నేర్చుకుని మెరుగుపరిచారు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

కంప్యూటర్ ప్రోగ్రాంలు రాస్తున్న పాలమూరు, నల్లగొండ పిల్లలారా, ఆ యంత్రంలాగే ప్రోగ్రామూ ఒక్కసారిగా కుదరదు; తప్పులున్నాయని మీ మొదటి ప్రోగ్రాంను దాచుకోకండి. ఈ రోజే నడిపి చూడండి, రేపు దిద్దుకుందురు.