జర్మనుల భోజనవైవిధ్యము



జర్మనుల తిండి యనగా సాసేజియు బీరును దప్ప మఱేమియు లేదని మనలో ననేకుల తలంపు. అది సగమైనను నిజము కాదు. నేను శాకాహారిని. స్టుట్‌గార్టు నగరమున నా పూర్వశిష్యుని యింట రెండునెలలు నిలిచి, యొక్కపూటయు పస్తుండక తిరిగివచ్చినవాడను. కావున నీ విషయమున నాలుగు మాటలు చెప్పుటకు నాకు గొంత యధికారము కలదని యెంచుచున్నాను.

జర్మనీ యేకరాజ్యముగా నేర్పడినది 1871వ సంవత్సరమున. అంతకుముందు శతాబ్దములకొలది యది రాజులు, మఠాధిపతులు, స్వతంత్రనగరములు వేఱువేఱుగ నేలిన సీమల సమూహము. సీమ కొక నాణెము, సీమ కొక కొలత, సీమ కొక వంట. ఉత్తరమున సముద్రతీరమువారికి ఉప్పుచేప. బవేరియావారికి ఉడికించిన పిండియుండ. నైరృతిని స్వాబియావారికి స్పెట్జ్‌లె. ఈ స్పెట్జ్‌లె గోధుమపిండిని గ్రుడ్డుతో గలిపి, చిల్లుల పలకగుండ మరుగునీటిలోనికి జార్చి చేయుదురు. ఆ పని మన బూందీగరిటె పనియే. గ్రుడ్డు కలియుటచే నేను దాని రుచి యెఱుగను గాని, చూచుటకు దోష మేమి?

ఆ స్వాబియావారే మన కజ్జికాయవలె పిండిపొరలో ఆకుకూరయు మాంసమును మడిచి ‘మౌల్‌టాషె’ యను వంటకము చేయుదురు. ఉపవాసదినములలో మాంసము దేవుని కంట బడకుండ మౌల్‌బ్రొన్ను మఠమునందలి సన్యాసులు దీనిని కల్పించిరని యొక కథ. కథ యెట్లున్నను, నియమమునకు సందు వెదకుట యచ్చట గలదు. క్రిస్టమసునకు ముందటి నియమదినములలో వెన్న నిషిద్ధమై యుండెను. నూనెతో జేసిన పండుగరొట్టె రుచింపదని సాక్సనీ ప్రభువులు మొఱపెట్టుకొనగా, 1491లో ఎనిమిదవ ఇన్నొసెంటు పోపు వెన్న కనుమతి నొసగెను. దానికై ప్రాయశ్చిత్తద్రవ్యము చెల్లింపవలెను! మన ధర్మశాస్త్రములు చదివినవారి కిది వింతగా దోపదు. న్యూరెంబర్గు నగరపు తేనెరొట్టెలలో నేలకులు, లవంగములు, దాల్చినచెక్క మొదలగునవి పడును. ఇట్టి ద్రవ్యములు పూర్వము మన మలబారు మొదలగు తూర్పుదేశపు తీరములనుండి వెనీసు మీదుగా నా సీమకు బోయెడివి.

ఇక రొట్టె. జర్మనుల వంటలో నాకు మిక్కిలి గౌరవము గలిగించిన దిదియే. అచ్చటి రొట్టెలపట్టికలో మూడువేలకు మించిన రకములు చేరియున్నవట. ఉత్తరపు ఇసుకనేలలందు, చలియందు గోధుమ సరిగా బండదు. ‘రై’ యను ధాన్యము పండును. రైపిండిని పులియబెట్టనిచో రొట్టె లోపల జిగటయై చెడును; పులుపే దానికి నిలుకడ నిచ్చును. కావున ముందటి పిండిలో గొంత మిగిల్చి, దానితో మఱునాటి పిండిని పులియబెట్టుదురు. వెస్ట్‌ఫేలియావారి ‘పుంపర్‌నికెల్’ రొట్టెను మందమైన వేడిమిలో పదునాఱు గంటలకు దక్కువగాక కాల్తురు. అంతకాలము మ్రగ్గుటచే అది నల్లబడి, తనంత తాను కొంత తీపెక్కును. సాయంకాలపు భోజనమునకు ‘సంజెరొట్టె’ యనియే పేరు: చల్లని రొట్టె, వెన్న, జున్ను. పొయ్యి వెలిగింపరు. వేడియన్నము నెఱిగిన నా శిష్యునకు మొదటి యేడు రాత్రులు మిక్కిలి దీర్ఘములుగా నుండెనట.

మంచుకాలమున కాయగూర లుండవు గనుక, కోసుకూరను సన్నగా దఱిగి ఉప్పుతో గుండలలో నొత్తి యూరబెట్టుదురు. చుక్క పులుసైనను వేయరు. దాని నీటిలోనే యది పులియును. 1768లో బయలుదేఱిన కుక్కు నావికుడు దీనిని ఓడ కెక్కించుకొని, నావికులను రక్తపిత్తరోగమునుండి కాపాడుటకు దినిపించెను.

బంగాళాదుంప యచ్చటి దను భ్రమ గలదు. అది దక్షిణ అమెరికానుండి వచ్చినది. రైతులు చాలకాలము దానిని నమ్మలేదు. 1756 మార్చి 24వ తేదీని ప్రష్యారాజు రెండవ ఫ్రెడరికు దానిని నాటింపుడని యధికారుల కాజ్ఞాపత్రము పంపెను. క్రమముగా పేదవాని కడుపు దానిమీదనే యాధారపడెను. అట్లాధారపడుటయు ప్రమాదమే. 1916లో యుద్ధము నడుచుచుండ, ఆంగ్లనౌకలు సముద్రమార్గము నరికట్టియుండగా దుంపపంట చెడెను. ఆ చలికాలమున జనులు పశువుల మేతయైన ‘రుటబాగా’ గడ్డలతో రొట్టెయు, పులుసును, తుదకు మురబ్బాయు జేసికొని తినిరి. ఆ యుద్ధకాలమున నాకలిచేతను, ఆకలి తెచ్చిన రోగములచేతను లక్షలకొలది పౌరులు మరణించిరి. దానికి వారి చరిత్రలో ‘గడ్డల చలికాలము’ అని పేరు. నాకు దీనిని జెప్పిన పొరుగింటి వృద్ధురాలు తన తల్లివలన విన్నది. ఆ గడ్డ తన యింట నెన్నడు వండలేదనెను.

పోట్స్‌డాము నగరమున సాన్‌సూసి యుద్యానమందు ఫ్రెడరికు సమాధి యొక సామాన్యమైన రాతిపలక. అచ్చటికి బోవువారు దానిపై బూవుల కంటె దుంపలనే యుంచుట వాడుక. నేను వెళ్లిననాడు ఏడు దుంప లుండెను, ఒకటి మొలకెత్తియుండెను.