వారానికో గంట ఫోన్ పిల్లలకిద్దాం
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలి ప్రసంగం)



పొదుపులు, అప్పుల వసూళ్ల లెక్క ఇప్పటిదాకా విన్నాం. నేను పిల్లల చదువు గురించి రెండు మాటలు చెప్తా.

మా పెద్దమ్మాయి పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. ఫలితాలొచ్చాక పాలిటెక్నిక్ గురించి అడిగితే, పాలిసెట్ దరఖాస్తు గడువు అప్పటికే దాటిందన్నారు. బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కుల మీదనే సీటిస్తారని, ఆరేళ్లు అక్కడే ఉండి ఇంజినీరింగ్ చదవొచ్చని మాకు చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడు నాతోపాటు నాట్లకొస్తోంది. సాగర్ ఎడమ కాలువ నీళ్లు మన పొలం దాకా వస్తయి గానీ, ఈ కబుర్లు మన ఇంటి దాకా రావు.

ఇప్పుడు ఒక దారుంది. ఉద్యోగాలు చేసేవాళ్లు తీరిక చేసుకుని, వీడియో కాల్‌లో సర్కారు బడి పిల్లలతో మాట్లాడుతున్నారు. ఈ-విద్యాలోక లాంటి సంస్థలు ఇట్లా పాఠాలు చెప్పిస్తున్నయి. 2021 సెప్టెంబరులో కేంద్రం విద్యాంజలి పోర్టల్‌ను కొత్తగా తెచ్చింది. బడివాళ్లు తమకేం సాయం కావాలో అందులో పెడితే, చేయగలిగినవాళ్లు ముందుకొస్తరు. కరోనా అప్పుడు 2020 సెప్టెంబరు 1 నుంచి టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు చూశారు మన పిల్లలు. టీవీని తిరిగి ప్రశ్న అడగలేం. ఈ అన్ననో అక్కనో అడగొచ్చు.

2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసినప్పుడు, గ్రామ సంఘం అధ్యక్షురాలినే చైర్‌పర్సన్ చేశారు. హెడ్మాస్టరు గారు కన్వీనరు. నీళ్లు, మరుగుదొడ్ల పనులు చూసిన మనం ఈ సంగతీ ఆయన్ని అడగొచ్చు.

ఫోన్ ఇస్తే పిల్లలు చెడిపోతారని మీ భయం. నాకూ ఉంది. అందుకే ఒక్కరికే ఇయ్యొద్దు. బడిలోనో, సంఘం ఆఫీసులోనో పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి, మనలో ఇద్దరం పక్కనుందాం. ఫోన్ నంబర్లు, ఫొటోలు ఎవరూ ఎవరికీ పంపొద్దు. తేడా అనిపిస్తే 1098కు ఫోన్ చేద్దాం.

మా చిన్నమ్మాయి ఎనిమిదో తరగతి. ఎన్‌ఎంఎంఎస్ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్పు వస్తుంది. ఈసారి గడువు దాటనియ్యను. మీ పిల్లలకూ దాటనియ్యకండి.

వచ్చే నెల ప్రతి గ్రామ సంఘం మీటింగులో దీన్ని ఎజెండాలో పెట్టాలని కోరుతున్నా. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి. సెలవు.