133 ఓట్లు నేర్పిన పాఠం
(ఉద్యమ కార్యకర్తల సదస్సులో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



“మన ఒక్క ఓటు లేకపోతే ఏమవుతుంది?” అన్న మాట మన పేటలలో తరచు వినబడుతుంది. దానికి సమాధానంగా, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2004లో జరిగిన గవర్నరు ఎన్నికను మీ ముందుంచదలచాను. మన దేశంలో రాజ్యాంగంలోని 155వ అధికరణం ప్రకారం గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. అక్కడ ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. మన ముఖ్యమంత్రి మోసే పాలనాభారం అక్కడ గవర్నరుది.

ఆ ఎన్నికలో డెమొక్రటిక్ పార్టీ తరఫున క్రిస్టీన్ గ్రెగోయిర్, రిపబ్లికన్ పార్టీ తరఫున డీనో రోసీ ప్రధానంగా పోటీపడ్డారు. సుమారు 28 లక్షల ఓట్లు పోలయ్యాయి. తొలి లెక్కింపులో రోసీకి వచ్చిన ఆధిక్యం 261 ఓట్లు. తేడా అంత స్వల్పమైనందున చట్టప్రకారం యంత్రాలతో మళ్ళీ లెక్కించారు. ఆధిక్యం 42కు తగ్గింది. అప్పుడు డెమొక్రటిక్ పార్టీ 7,30,000 డాలర్లు ధరావతు కట్టి, చేతితో లెక్కించమని కోరింది. ఆ మూడవ లెక్కింపులో గ్రెగోయిర్ 129 ఓట్లతో గెలిచారు.

ఈ మధ్యలో జరిగిన ఒక సంగతి మనం ప్రత్యేకంగా గమనించాలి. సియాటిల్ నగరం ఉన్న కింగ్ కౌంటీలో, తపాలా ద్వారా వచ్చిన 573 ఓట్లను తొలుత తిరస్కరించారు. ఓటర్ల సంతకాలు కంప్యూటరులో కనబడలేదు. కాగితపు నమోదు పత్రాలను తీసి చూడలేదు. అలా తిరస్కరింపబడిన వారిలో ఆ కౌంటీ మండలి అధ్యక్షుడు లారీ ఫిలిప్స్ కూడా ఉన్నారు. జాబితాలో ఆయన తన పేరు చూసుకున్నాకనే తప్పు వెలుగులోకి వచ్చింది. ఆ ఓట్లను పరిశీలించి లెక్కించవచ్చునని 2004 డిసెంబరు 22న రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పదవిలో ఉన్నవాని ఓటుకే ఆ గతి పట్టినప్పుడు, అడిగే దిక్కులేని సామాన్యుని సంగతి మీరే ఆలోచించండి.

తరువాత రిపబ్లికన్ పక్షం న్యాయస్థానానికి వెళ్ళింది. ఓటుహక్కు లేనివారు ఓట్లు వేశారని, ఏ ప్రాంతంలో ఏ పార్టీకి ఎంత శాతం వచ్చిందో అదే నిష్పత్తిలో ఆ ఓట్లను తీసివేయాలని వాదించింది. చెల్లని ఓట్లు 1,678 ఉన్నట్లు న్యాయమూర్తి జాన్ బ్రిడ్జెస్ గుర్తించారు. అయినా 2005 జూన్ 6న ఆ వాదాన్ని త్రోసిపుచ్చారు. ఒకడు నివసించే పేటను బట్టి అతని ఓటు ఎవరికి పడిందో నిర్ణయించరాదన్నారు. సాక్ష్యం దొరికిన నాలుగు ఓట్లను మాత్రం రోసీ లెక్కనుండి తీసివేశారు. తుది తేడా 133. రోసీ అప్పీలుకు వెళ్ళలేదు.

మన న్యాయశాస్త్రం కూడా ఊహను అంగీకరించదు. వృథా అయిన ఓట్లు ఎవరికి పడి ఉండేవో ఊహించి ఫలితాన్ని మార్చరాదని, నిరూపణ భారం పిటిషనరుదేనని మన సుప్రీంకోర్టు 1954లోనే వశిష్ఠ నారాయణ్ శర్మ కేసులో చెప్పింది. పైగా ఎన్నికల పిటిషన్‌కు ఉన్న గడువు 45 రోజులే. కనుక ఆవేదన ఎంత న్యాయమైనదైనా, కాగితం లేనిదే కోర్టులో నిలువదు.

భాషా అల్పసంఖ్యాకులమైన మనకు ఇందులో రెండు పాఠాలున్నాయి. “ఆ వీధి తెలుగువారిది, ఆ ఓట్లు ఫలానావారివే” అనే హక్కు ఎవరికీ లేదు. మన నాయకులకు కూడా లేదు. రెండవది, జాబితాలో పేరు సరిగా ఉండడం. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. మహారాష్ట్ర, ఒడిశాలలో ఇంటిపేరు చివర వ్రాస్తారు, మనం ముందు వ్రాస్తాం. ఇందువల్ల గుర్తింపు పత్రంలో ఒక పేరు, జాబితాలో మరొక పేరు పడే అవకాశముంది. కింగ్ కౌంటీలో చైనీయ భాషలో కూడా ఎన్నికల పత్రాలు ఇస్తారు. అటువంటి సౌకర్యం మనమూ అడగవలసిందే. కానీ జాబితాలో పేరే లేనివానికి ఏ భాషలో పత్రమిచ్చి ఏమి ప్రయోజనం?

కనుక ప్రతి శాఖ తన పేటలో ముసాయిదా జాబితాను ఇంటింటా చదివి వినిపించాలి. పేరు లేనివారిచేత 6వ నమూనా, తప్పు పడినవారిచేత 8వ నమూనా దాఖలు చేయించి, రసీదులు భద్రపరచాలి.

ఇది దూరదేశపు కథ అని ఎవరైనా అంటే, కర్ణాటకలోని సంతెమరహళ్ళిని గుర్తుచేయండి. 2004 శాసనసభ ఎన్నికలలో అక్కడ ధ్రువనారాయణకు 40,752 ఓట్లు, కృష్ణమూర్తికి 40,751 ఓట్లు వచ్చాయి. తేడా ఒక్క ఓటు. వచ్చే జాబితా సవరణ నాటికి మన పేటలలో ఆ ఒక్క పేరు కూడా విడిచిపోకుండా చూడవలసిందిగా కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.