టైటిల్స్‌లో లేని గొంతు

1962 అక్టోబరు 5న లండన్ పెవిలియన్ థియేటర్లో ‘డాక్టర్ నో’ మొదటి ప్రదర్శన జరిగింది. జేమ్స్ బాండ్ ఎవరో ఈ వేళ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈ పది నిమిషాలూ ఒక గొంతు కోసం.

జమైకా తీరంలో సముద్రంలోంచి గవ్వలు పట్టుకుని నడిచివచ్చే ఉర్సులా ఆండ్రెస్‌ను ఒకసారి చూసినవాళ్లు మరచిపోరు. ఆమె స్విట్జర్లాండ్ మనిషి. తెరమీద ఆమె నోట వినిపించే ఇంగ్లీషు మాటలు నిక్కీ వాన్ డెర్ జిల్‌వి. ఆ ఒడ్డున ఆమె పాడుకునే కూనిరాగమేమో డయానా కూప్లాండ్ అనే గాయనిది. రూపం ఒకరిది, మాట ఒకరిది, పాట మరొకరిది.

నిక్కీ 1935లో బెర్లిన్‌లో పుట్టారు. తండ్రి వెర్నర్ వాన్ డెర్ జిల్ యూదు మతగురువు. హిట్లర్ పాలనలో అక్కడ బతికే దారి మూసుకుపోయాక ఆ కుటుంబం ఇంగ్లండు చేరింది. అలా పరాయి దేశం నుంచి వచ్చిన పిల్లే పెద్దయ్యాక ఇంగ్లీషు సరిగా పలకలేని తారలకు గొంతయింది.

అయితే, పరభాషా నటులకే డబ్బింగ్ చెప్పిస్తారన్నది పూర్తి నిజం కాదు. ‘డాక్టర్ నో’ మొదట్లో పేకాట బల్ల దగ్గర ఒక స్త్రీ బాండ్‌ను పేరు అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబుగానే అతను తన పేరును రెండుగా విరిచి చెప్పే ఆ ప్రసిద్ధమైన తీరు మొదటిసారి వినిపిస్తుంది. అక్కడ నటించిన యూనిస్ గేసన్ ఇంగ్లండులోనే పుట్టిన నటి. అయినా ఆ అడిగిన గొంతు కూడా నిక్కీదే! ‘గోల్డ్‌ఫింగర్’లో ఒంటినిండా బంగారు పూతతో కనిపించే షర్లీ ఈటన్‌దీ అదే కథ. ఆమె లండన్ అమ్మాయే.

ఇక్కడ కాస్త వెనక్కి, 1929కి వెళ్లాలి. ఈ చరిత్రలో ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరని ఘట్టం అది. ఎల్‌స్ట్రీ స్టూడియోలో ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ‘బ్లాక్‌మెయిల్’ను మూకీగా మొదలుపెట్టారు. మధ్యలో శబ్దం వచ్చిపడింది. కథానాయిక ఆనీ ఓండ్రా ప్రాగ్ నగరంలో పెరిగిన నటి. మూకీలో యాసతో పనిలేదు, టాకీలో అది దాగదు. తీసిన బొమ్మకు తర్వాత గొంతు అతికించే పద్ధతి అప్పటికి చేతికి రాలేదు. అందుకని జోన్ బారీ అనే ఇంగ్లీషు నటిని కెమెరాకు అందకుండా ఓ పక్కన మైకు ముందు నిలబెట్టారు. ఆమె మాట్లాడుతుంటే, సరిగ్గా ఆ క్షణానికి ఓండ్రా పెదవులు కదపాలి. మన తోలుబొమ్మలాటలో తెరచాటు మనిషి మాటకు బొమ్మ ఊగినట్టు! తేడా ఒక్కటే, ఇక్కడ బొమ్మకు ప్రాణం ఉంది, దానికీ భయం ఉంటుంది. ఒకరి ఊపిరి తడబడితే ఇద్దరి షాటూ పోయినట్టే. రెండేళ్లకు హిచ్‌కాక్ అదే జోన్ బారీని ‘రిచ్ అండ్ స్ట్రేంజ్’లో కథానాయికను చేశారు. పక్కన దాగిన గొంతు అలా తెరమీదికి వచ్చింది. నిక్కీకి ఆ అదృష్టం కలగలేదు.

నిక్కీ కాలానికి పని తీరు మారింది. ఫిల్మ్‌లో చిన్న ముక్కను తీసి కొసలు అతికించి గుండ్రంగా తిప్పేవారు. అదే లూపు. చీకటి గదిలో ఆ ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతుంటే పెదవులకు మాట కుదిరేదాకా చెప్పాలి. తెరమీద పెదవులు మూసుకున్న చోట ప, బ, మ లాంటి అక్షరం పడి తీరాలి. పెదవులు తగలకుండా పద్యం చెప్పే నిరోష్ఠ్యం మన కవులకు ఒక విద్య. తెరమీద పెదవులు కలవని చోట డబ్బింగ్ మాటలు రాసేవాళ్లకు అది రోజువారీ పని. 1950లో హిందీ నుంచి తెలుగులోకి వచ్చిన ‘ఆహుతి’కి ఆ పని చేసింది శ్రీశ్రీ.

సమయం తరుముతోంది, మిగతావి గబగబా. ‘షీ’లో మళ్లీ ఉర్సులా ఆండ్రెస్, ‘వన్ మిలియన్ ఇయర్స్ బి.సి.’లో రాకెల్ వెల్చ్. ‘గోల్డ్‌ఫింగర్’ విలన్ గెర్ట్ ఫ్రోబె జర్మన్ నటుడు. ఆయనకు ఇంగ్లీషు సంభాషణలు నేర్పించిందీ నిక్కీయే, తెరమీద గొంతు మాత్రం మైకేల్ కాలిన్స్‌ది. మగవాళ్లలో ఇలాంటి ఘనుడు రాబర్ట్ రియెట్టీ. ‘థండర్‌బాల్’ విలన్ అడాల్ఫో చెలీ నోట పలికింది ఆయనే.

ఆ ‘థండర్‌బాల్’లోనే, 1965లో, ఒక అన్యాయం జరిగింది. నాయిక పాత్రను ముందు ఇటలీ అమ్మాయిగా రాసుకున్నారు. ఫ్రెంచి నటి క్లోడీన్ ఓజే దొరికాక పాత్రనే ఫ్రెంచి అమ్మాయిగా మార్చారు. ఓజే కష్టపడి ఇంగ్లీషు పాఠాలు కూడా నేర్చుకున్నారు. చివరికి ఆమె గొంతు తీసేసి నిక్కీ గొంతు పెట్టారు. ఫ్రెంచి అమ్మాయి ఫ్రెంచి యాసతో మాట్లాడితే ఎవరికి నష్టం? నిక్కీ పనితనం మీద ఎంత గౌరవమున్నా, ఆ ఒక్క చోట ఓజే గొంతే వినిపించవలసింది.

1964లో గోల్డెన్ గ్లోబ్ వాళ్లు ‘డాక్టర్ నో’కు గాను ఉర్సులా ఆండ్రెస్‌ను కొత్త తారగా సత్కరించారు. ఆ సినిమా టైటిల్స్‌లో నిక్కీ పేరే లేదు. మన దగ్గర ఈ కళకు విడిగా నంది బహుమతి ఇచ్చేవారు. ‘అన్నమయ్య’లో సుమన్ పోషించిన వేంకటేశ్వరుడికి గొంతిచ్చినందుకు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అందుకున్నారు. అటెన్‌బరో ‘గాంధీ’ తెలుగులోకి వచ్చినప్పుడు బెన్ కింగ్‌స్లీ నోట పలికిందీ బాలూయే.

నిక్కీ తర్వాత న్యాయవాది అయ్యారు. 2013లో ‘ఫర్ యువర్ ఇయర్స్ ఓన్లీ’ పేరుతో తన కథ తానే రాసుకున్నారు. 2021 మార్చిలో లండన్‌లో కన్నుమూశారు.

‘డాక్టర్ నో’, ‘గోల్డ్‌ఫింగర్’, ‘థండర్‌బాల్’ టీవీలో తరచూ వస్తూనే ఉంటాయి. ఈసారి వచ్చినప్పుడు, రేడియో వింటున్నట్టే, కాసేపు కళ్లు మూసుకుని వినండి. సముద్రపు ఒడ్డున ఉన్న అమ్మాయి, బంగారు పూత అమ్మాయి, ఫ్రెంచి అమ్మాయి ముగ్గురూ ఒకే గొంతుతో పలకరిస్తారు.