చేతిలో ఫోను ఉంటే చాలదు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి మన సంచిక ఫోనులోనే వస్తోంది. అందుకే ఫోనులో డబ్బు తీసుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

నందపూర్ సంతలో బట్టలు పెట్టుకుని కూర్చుంటే మొదట్లో ఏమయ్యేది? కొనేవారు చీర చూసి, బేరం కుదిరాక, "ఫోన్‌పే ఉందా?" అనేవారు. లేదంటే చీర మడతపెట్టి మన ముందే పెట్టేసి వెళ్ళిపోయేవారు. అలా చేతిదాకా వచ్చిన బేరాలు పోయాకే మనలో చాలామంది ఆ క్యూఆర్ అట్ట పెట్టుకున్నాం. ఎవరో ఉపన్యాసం చెబితే పెట్టుకోలేదు. కొనేవారు అడిగారు, పక్క కొట్టువారు పెట్టారు, మనమూ పెట్టాం.

యూపీఐ వచ్చింది 2016 ఏప్రిల్‌లో. అదే ఏడు నవంబర్ 8న పెద్దనోట్లు రద్దయ్యాయి. చిల్లర దొరక్క అల్లాడిపోయాం. అయినా అందరమూ ఒక్కసారిగా ఫోనుకు మారలేదు. అవసరం ఒక్కటే సరిపోదు, నమ్మకం కూడా ఉండాలి. పడుగు ఎంత గట్టిగా ఉన్నా పేక పడందే బట్ట కాదు కదా!

ఆఫ్రికాలోని కెన్యా సంగతి చూడండి. 2007లో అక్కడ ఎం-పెసా మొదలైంది. పట్నంలో కూలి చేసుకునేవారు మామూలు బటన్ ఫోనుతోనే ఊళ్ళోని ఇంటికి డబ్బు పంపడం మొదలుపెట్టారు. ఇంటివారు దగ్గర్లోని దుకాణానికి వెళ్ళి నోట్లు తీసుకునేవారు. అడిగితే చెప్పే మనిషి దగ్గర్లో ఉన్నాడన్న ధైర్యమే వారిని ముందుకు నడిపింది.

మరి మనలో ఇంకా వెనకాడేవారు ఎందుకు వెనకాడుతున్నారు? చదువు రాదనే కాదు. కొండల్లో సిగ్నల్ ఉండదు. తప్పు నంబరు నొక్కితే వారం కూలి పోతుందని భయం. "డబ్బు వచ్చింది, పిన్ కొట్టండి" అని మోసగించేవారు ఉన్నారు. అక్కా, ఒక్కమాట గుర్తుపెట్టుకోండి: డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగారంటే మన డబ్బు పోతోందనే అర్థం. పొరపాటున మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయండి.

స్మార్ట్‌ఫోను లేనివారు కూడా దిగులుపడనక్కర్లేదు. బటన్ ఫోను ఉన్నవారి కోసం 2022 మార్చిలో యూపీఐ 123పే వచ్చింది. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు.

ఇంకొక సంగతి, ఇది మన ఇళ్ళలోది. ఆసు పోసేది, కండెలు చుట్టేది ఆడవాళ్ళు. కూలి డబ్బు పడేది మాత్రం కొడుకు ఫోనులోనో, భర్త ఖాతాలోనో. ఎంత పడిందో వాళ్ళు చెబితేనే తెలుస్తుంది. చేతికి నోటు ఇచ్చిన రోజుల్లో కనీసం లెక్కపెట్టుకునేది. ఇప్పుడు అదీ లేకుండా పోతే ఈ కొత్త పద్ధతి ఆమెకు ఏం మేలు చేసినట్టు? ఆమె పేరున ఖాతా, ఆ ఖాతాకు ఆమె నంబరు, ఆమెకే తెలిసిన పిన్ ఉండాలి. వచ్చిన ప్రతి రూపాయీ ఖాతాలో రాసి ఉంటుంది. రేపు నూలుకు బ్యాంకు అప్పు అడిగినప్పుడు మా రాబడి ఇదీ అని చూపించుకోవచ్చు.

అందుకే మా కోరిక ఒక్కటే. ప్రతి వీధిలో ఫోను తెలిసిన పిల్లలు ఒకరిద్దరు ముందుకు రావాలి. తాతకు, అమ్మమ్మకు పక్కన కూర్చుని ముందు ఒక్క రూపాయి పంపించి చూపించండి. ఆ రూపాయి అవతల చేరిందని వాళ్ళ కళ్ళతో చూడనివ్వండి. పిన్ వాళ్ళనే కొట్టనివ్వండి, మీరు పక్కకు చూడండి. విసుక్కోకండి. నాడె పట్టడం మనకు నేర్పినప్పుడు వాళ్ళు విసుక్కోలేదు.