ఆట తిండి పెడ్తదా?



"సార్, ఫుట్‌బాల్ తిండి పెడ్తదా?" అని తండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. పటాన్‌చెరు కంపెనీలో నైట్ షిఫ్టు చేసి వచ్చిన మనిషి అడిగితే కోపమెట్లా వస్తుంది?

ఉస్మానియాలో చదివేవాళ్ళు, చదివిపోయినవాళ్ళు కలిసి 'ఎలెవన్ హంటర్స్' పేరుతో ఆడేవారు. అందులో ఆడిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ మావంటి పంతులే. చాదర్‌ఘాట్ హైస్కూల్లోనూ పాఠాలు చెప్పారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెల్చింది. కుడికాలి వాటం పిల్లలకు ఎడమకాలి పోటీలు పెట్టేవారట! 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో ఆయన తయారుచేసిన భారత జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. ఆయనకు అప్పటికే కేన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఆ పోలీసు జట్టువాళ్ళకు ఆటే కొలువు ఇచ్చింది. ఈ రోజుల్లో కూడా ఇస్తుందని మేము మాట ఇవ్వలేము, అబద్ధమెందుకు? అడిగేది ఒక్కటే. ఆదివారం సాయంత్రం గంటసేపు కర్దనూర్ పిల్లల్ని మాకు వదలండి. బంతి మేమే తెస్తాము. మొదటి నెల ఎడమకాలితోనే ఆడిస్తాము.